సముద్రమునకు దొడ్డితలుపు లేదు: కరీబియను దీవుల సామెతలు

బార్బడోసు దీవిలో పెద్దలు పిల్లలను హెచ్చరించు మాట యొకటి కలదు: "సముద్రమునకు దొడ్డితలుపు లేదు." ఇంటిలో నిప్పంటుకొన్నను, ముంగిట శత్రువు నిలిచినను దొడ్డితలుపు తీసికొని బయటపడవచ్చును. నీటిలో చిక్కినవానికి ఆ దారి లేదు. చుట్టును సముద్రముగల చిన్న దీవిలో, దానినే నమ్ముకొని, దానికే భయపడుచు బ్రతికినవారికి గాని ఈ ఉపమానము తోచదు. ఇట్టి పలుకులు కరీబియను దీవులలో పెక్కు గలవు. వానిలో కొన్నింటి అర్థమును, ఆ అర్థము వెనుకనున్న జీవితమును ఈ ప్రసంగమున మనము పరిశీలింతము.

క్యూబా మొదలు ట్రినిడాడు వరకు విల్లువలె వంగియున్న ద్వీపమాలిక కరీబియను సముద్రమునకు ఎల్ల. దక్షిణ అమెరికా గట్టుననున్న గయానాయు చరిత్రలోను పలుకుబడిలోను ఈ కుటుంబమునకు చెందినదే. ఐరోపావారు ఈ భూములయందు చెరకుతోటలు వేసి, పనికై ఆఫ్రికా పశ్చిమతీరము నుండి లక్షలాది జనులను సంకెళ్ళతో ఓడలలో తెచ్చిరి. వారు ఆకాను, ఈబో, యొరుబా, ఎవే మున్నగు భాషలవారు. ఒకరి మాట ఒకరికి తెలియదు. యజమాని మాట ఎవరికిని తెలియదు. ఆ నిర్బంధములో క్రియోలు భాషలు పుట్టినవి. వాని పదములు చాలవరకు ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలవి. వాక్యముల పోకడలో, నుడికారములో ఆఫ్రికా పోలికలు మెండుగా కలవు.

హైతి ప్రజలు తామే పోరాడి 1804లో స్వతంత్రులైరి. బ్రిటిషు దీవులలో బానిసత్వము 1834 ఆగస్టు 1వ తేదీన చట్టరీత్యా రద్దయ్యెను గాని పూర్తి విముక్తి 1838లోనే లభించెను. ఫ్రెంచివారి దీవులకు 1848 వరకు విముక్తి లేదు. అంతవరకు బానిసకు బడి లేదు, పుస్తకము లేదు. యజమానికి ఎదురాడినవానికి కొరడా యుండెను. అట్టివారికి సామెతయే బడి, సామెతయే న్యాయస్థానము. కోడిని గూర్చియు, మేకను గూర్చియు మాటాడినవానిని ఎవరును శిక్షింపలేరు గదా!

హైతిలో "కోడి యెదుట బొద్దింక మాట ఎన్నడును న్యాయము కాదు" అందురు. కోడికి బొద్దింక ఆహారము. తినువాడే తీర్పరియైనచో, తినబడువాని వాదము నెగ్గునా? బలవంతుని యెదుట బలహీనుని గతి ఇందు పూర్తిగా చెప్పబడినది. ట్రినిడాడులో ఇదే బొద్దింక మరియొక విధముగా వచ్చును: "కోళ్ళ విందులో బొద్దింకకు చోటు లేదు." ఇది ఫిర్యాదు కాదు, హెచ్చరిక. నిన్ను మ్రింగువారి సభకు నీవై పోవలదని భావము. జంతువులు అవే, మాట మాత్రము ఒకచోట నిట్టూర్పు, ఒకచోట జాగ్రత్త.

జమైకాలో "చికెన్ మెరీ, హాక్ డే నియర్" అను మాట కలదు. కోడిపిల్లలు సంబరపడుచున్నవన్నచో గ్రద్ద దగ్గరనే యున్నదని అర్థము. పట్టరాని ఆనందములో నుండు పిల్లలతో తల్లులు నేటికిని ఈ మాట అందురు. "మేకకు నోట తీపియైనదే దాని కడుపు చెరుపును" అనునది దీని తోబుట్టువు. "ఎవరిని బెదరింపవలెనో దయ్యమునకు తెలియును" అనునది మరింత వాడియైనది. జమైకాలో దయ్యమును 'డప్పీ' అందురు. బలవంతుల జోలికి పోక, దిక్కులేనివారిపై మాత్రమే జులుము చూపువానికి ఈ సామెత తగిలింతురు.

ఒకే భావము వేర్వేరు భాషలలో కనబడుట గమనింపదగిన విషయము. "నీటిలోని రాతికి ఎండలోని రాతి బాధ తెలియదు" అని హైతివారు ఫ్రెంచి క్రియోలులో చెప్పుదురు. జమైకావారు "ఏటి అడుగున నున్న రాయికి ఎండ వేడి తెలియదు" అని ఇంగ్లీషు క్రియోలులో చెప్పుదురు. నీడపట్టున నుండు యజమాని గృహమును, మధ్యాహ్నపుటెండలో చెరకు నరకు కూలీని ఎరిగినవారికి ఈ రెండు రాళ్ళు ఎవరో చెప్పనక్కరలేదు. హైతిలోనే మరియొక మాట కలదు: "దెబ్బ కొట్టినవాడు మరచును, మచ్చ మోయువాడు మరువడు." ఇంతకు మించిన చరిత్రపాఠము ఉండునా?

"టైమ్ లాంగర్ దాన్ రోప్" అనునది కరీబియను దీవులలో మిక్కిలి ప్రసిద్ధము. కాలము త్రాటికంటె పొడవైనదని దీని మాటకు మాట. త్రాడు ఎంత పొడవైనను దానికొక కొన యుండును, కాలమునకు లేదు. త్రాటితో కట్టబడినవారి సంతతి నోట ఈ మాట విన్నప్పుడు, ఓపిక పట్టుమను ఉపదేశముతోబాటు, అన్యాయమునకు గడువు తప్పదను హెచ్చరికయు వినబడును. ఓర్పు, బెదరింపు ఒకే వాక్యములో ఇమిడియుండుట దీని బలము.

ఈ సామెతలకు తోడుగా కథలు కూడ ఓడలలో వచ్చినవి. ఆకాను భాషలో అనాన్సి యనగా సాలెపురుగు. బలములో అల్పుడు, ఉపాయములో ఘనుడు, దురాశలో అంతకంటె ఘనుడు. పులులను సైతము మోసగించును, ఒక్కొక్కప్పుడు తన వలలో తానే చిక్కును. "ఆపద అడవిలో ఉండెను, అనాన్సి దానిని ముంగిటికి తెచ్చెను" అని జమైకా సామెత. లేని తంటాను కొనితెచ్చుకొనువానికి ఇది చెల్లును. కథ ఎరుగనివారికి ఈ సామెత సగమే తెలియును.

ఇక కష్టార్జితమును గూర్చిన పలుకులు. "వన్ వన్ కోకో ఫుల్ బాస్కెట్" అని జమైకాలో అందురు. ఈ కోకో చాకొలెట్టు చేయు కోకో కాదు, మన చేమదుంప జాతికి చెందిన దుంప. ఒక్కొక్క దుంప వేయగా వేయగా గంప నిండునని భావము. విముక్తి పొందిన పిదప కొండవాలున చిన్న చెక్క సంపాదించి, దుంపలు పండించి, గంప నెత్తినబెట్టుకొని సంతకు నడచిన స్త్రీల బ్రతుకు ఇందు కలదు. హైతిలో ఇదే భావమును "కొంచెము కొంచెముగా పిట్ట గూడు కట్టుకొనును" అందురు.

ట్రినిడాడులో వినబడు "ఎండలో కోకో పోసినవాడు వానకై చూచుచుండవలెను" అను సామెతలోనిది నిజముగా చాకొలెట్టు కోకోయే. అచట కోకో గింజలను కాయలనుండి తీసి, పులియబెట్టి, ఎత్తైన బల్లపరపుపై ఎండబోయుదురు. పైకప్పు పట్టాలపై ప్రక్కకు జరుగునట్లు అమర్చబడియుండును. మబ్బు కమ్మినచో పరుగున పోయి కప్పు మూయవలెను. తడిసిన గింజ బూజు పట్టును. పోగొట్టుకొనదగిన సొత్తు గలవాడు ఏమరుపాటుగా నుండరాదని ఈ సామెత తాత్పర్యము. కోకో ఎండబోయుట ఎరుగని పట్టణవాసులును నేడు దీనిని వాడుదురు. పని మరుగుపడినను మాట నిలిచినది.

ఈ సామెతల కుటుంబమున మనదేశపు పేర్లును చేరినవి. బానిసత్వము పోయిన వెనుక తోటల యజమానులు ఒప్పందపు కూలీలను భారతదేశమునుండి రప్పించుకొనిరి. మొదటి ఓడలు 1838లో గయానాకును, 1845లో ట్రినిడాడు, జమైకాలకును చేరినవి. కూలీలను చేర్చుకొనుట 1917లో ఆగిపోవువరకు గయానాకు సుమారు 2,39,000 మంది, ట్రినిడాడునకు సుమారు 1,44,000 మంది పోయిరి. వారిలో అధికసంఖ్యాకులు కలకత్తా రేవున ఓడ యెక్కిన ఉత్తరదేశీయులు. మద్రాసు రేవునుండి పోయినవారిలో తమిళులతోబాటు తెలుగువారును ఉండిరి. అచట వారందరికిని 'మద్రాసీ' యను ఒకే పేరు.

బార్బడోసులో "పిల్లి అదృష్టము కుక్క అదృష్టము కాదు" అను సామెత కలదు. జమైకాలోను దీనికి పోలికైనది వినబడును. ఇదే భావము ట్రినిడాడులో ఏమైనదో చూడుడు: "గోపాలు అదృష్టము సీపాలు అదృష్టము కాదు"! ఒకడు తప్పు చేసి తప్పించుకొన్నంత మాత్రమున, అదే పని చేసిన రెండవవాడును తప్పించుకొనునని నమ్మరాదని భావము. గోపాలు మన గోపాలుడే. పిల్లియు కుక్కయు నిలుచు చోట భారతీయుల పేర్లు నిలిచినవి. ఆఫ్రికా సంతతివారును, భారత సంతతివారును ఒకే వీథిలో, ఒకే మాటతో నవ్వుకొనుట నేర్చిరనుటకు ఇది చిన్న సాక్ష్యము.

సామెతలను వదలి వీథి పలుకులకు వత్తము. ట్రినిడాడులో ఏ పనియు లేక మిత్రులు కూడి కబుర్లతో ప్రొద్దుపుచ్చుటను 'లైమ్' చేయుట యందురు. ఇది సోమరితనమని వారు ఒప్పుకొనరు. ఇదియొక కళ యందురు. ప్రేమించినవారు విడిచిపోగా కలుగు దిగులు 'టబాంకా'. గుడ్‌ఫ్రైడేనాడు యూదా పేర గడ్డిబొమ్మను చేసి పిల్లలు బాదుదురు. దాని పేరు 'బాబొలీ'. అందరి దెబ్బలకును ఓర్చుకొను అమాయకునికి అదే పేరు వచ్చినది. "కప్ప నీ చుట్టగొట్టము త్రాగినది" అన్నచో, నీ పని అయిపోయినదని అర్థము. జమైకాలో "సూన్ కమ్" అని చెప్పి పోయినవాడు వెంటనే వచ్చునని మాత్రము నమ్మరాదు.

కొన్ని మాటలు మనకు వింతగా తోపవు. జమైకాలో కన్నీటిని 'ఐ వాటర్' అందురు. కంటి నీరని మాటకు మాట. ఇంగ్లీషువానికి ఇది వచ్చీరాని భాషగా తోచును. ఈబో భాషలో కన్నీటికి గల మాట కూడ ఇట్లే కన్ను, నీరు కలిసి యేర్పడినది. మన కన్నీరును అంతే గదా! మాట వినని పిల్లవానిని 'గట్టి చెవులవాడు' అనియు, ఆశపోతును 'పెద్దకన్నువాడు' అనియు అందురు. ఇవియును ఆఫ్రికా నుడికారమునకు ఇంగ్లీషు తొడుగులే. ఆ తొడుగును మాత్రమే చూచినవారు ఈ భాషను చెడిన ఇంగ్లీషనిరి.

ఈ నింద చిన్నది కాదు. తరతరముల పిల్లలు ఇంటి భాషను బడిగుమ్మమున విడిచి లోనికి పోవలసివచ్చెను. దీనిని ఎదిరించినవారిలో జాన్ జేకబ్ తామస్ ముఖ్యుడు. ట్రినిడాడునకు చెందిన ఈ నల్లజాతి ఉపాధ్యాయుడు 1869లో క్రియోలు వ్యాకరణమును ప్రకటించి, అందు సామెతలను కూడ చేర్చెను. న్యాయస్థానములలో సాక్షి చెప్పునది సరిగా అర్థము చేసికొననిచో న్యాయము చెడునని ఆయన ఆవేదన. పిమ్మట 1902లో గయానా సామెతలును, 1910లో జమైకా సామెతలును సంపుటములుగా వెలువడినవి.

జమైకాలో ఈ పోరాటమును రేడియోకు తెచ్చినది కవయిత్రి లూయీజ్ బెన్నెట్. ఆమె 1919లో జన్మించి 2006లో మరణించెను. 1960లలోను, 70లలోను ఆమె ప్రసంగములు దేశమంతటను వినబడెను. 'రోచీ అత్త' యను కల్పిత స్త్రీ నోట సామెతలు పలికించి, నాటి రాజకీయములను, ధరలను, దర్పములను ఆమె ఎండగట్టెడిది. ఇంగ్లీషు తాను ఇతరభాషలనుండి పదములు తెచ్చుకొన్నప్పుడు లేని భ్రష్టత్వము మా భాషకు ఎట్లు వచ్చెనని ఆమె ప్రశ్న. హైతిలో "ఫ్రెంచి మాటాడినంతనే తెలివి యున్నదని కాదు" అను సామెతయే కలదు. అచట 1987 నాటి రాజ్యాంగము క్రియోలునకు ఫ్రెంచితో సమానముగా అధికారభాషా స్థానమిచ్చెను.

కావున ఈ పలుకులను వినునప్పుడు రెండు ప్రశ్నలు వేసికొనవలెను: ఈ మాట ఎవరు చెప్పిరి? ఎవరిని గూర్చి చెప్పిరి? అవి విడిచినచో బొద్దింక బొద్దింకయే, రాయి రాయియే. అవి తెలిసినచో, నోరెత్తరాదని శాసింపబడిన జనులు ఎంత నిర్భయముగా మాటాడిరో వినబడును.

"కొత్త చీపురు బాగుగా ఊడ్చును, మూలలన్నియు పాత చీపురునకే తెలియును" అని జమైకావారు అందురు. బడిలో నేర్చిన భాష వారికి కొత్త చీపురు. దానివలన మేలు కలదని వారును ఒప్పుకొందురు. ఇంటి మూలలు తెలిసినది మాత్రము అవ్వ నోటి మాటకే.