కారుకీ కావాలి లింకు డాక్యుమెంట్లు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక పొలం. గడ్డి మధ్యలో ఒక ట్రైలరు, దాని మీద ఒక పాత కారు. ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ, మంచులో మునిగి తేలుతూ ఏళ్ల తరబడి అక్కడే పడి ఉంది. దారిన పోయేవాళ్ల కంటికి అది తూకానికి వెయ్యాల్సిన తుక్కు. అసలు సంగతేమిటంటే అది ఫెరారీ 250 జీటీఓ, ఛాసిస్ నంబరు 3589. ఒహాయో చేరకముందు అది టెక్సస్‌లోని విక్టోరియా అనే ఊళ్లో ఉండేది. హైస్కూలు పిల్లలు మెకానిక్ పని నేర్చుకోవడానికి పనికొస్తుందని యజమాని ఉచితంగా ఇచ్చేశాడు. 1972లో ఆ స్కూలు దాన్ని 6,500 డాలర్లకు అమ్ముకుంది. ఇదే మోడల్‌లో మరో బండి, నంబరు 3413, 2018లో కాలిఫోర్నియాలో జరిగిన వేలంలో 4.84 కోట్ల డాలర్లు పలికింది.

1962 నుంచి 1964 దాకా ఫెరారీ ఈ రకం కార్లు 36 చేసింది. ఆ 36కీ లెక్క ఉంది. ఏ నంబరు ఏ రేసులో పరుగెత్తింది, ఎక్కడ గుద్దుకుంది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎంతకు మారింది, ఇంజిన్ పుట్టినప్పటిదేనా కాదా అన్నవన్నీ రాసి పెట్టుకున్నవాళ్లున్నారు. పొలంలో తుప్పు పడుతున్న రోజుల్లో కూడా 3589 ఎక్కడుందో వాళ్లకు తెలుసు.

మన దగ్గర ఎకరం పొలం కొనాలంటే ముందు ఈసీ తీయిస్తాం. సర్వే నంబరు సరిచూస్తాం. లింకు డాక్యుమెంట్లు తెమ్మంటాం. తాత దగ్గర్నుంచి మనవడి దాకా వచ్చిన వరసలో ఒక్క కాగితం తగ్గినా లాయరు పెదవి విరుస్తాడు. అరుదైన పాత కార్ల లోకంలోనూ నడిచేది ఇదే పద్ధతి. సర్వే నంబరు ఉండే చోట ఛాసిస్ నంబరు ఉంటుంది, అంతే తేడా.

నంబరునీ గుడ్డిగా నమ్మరు

కోట్లు పలికే సరుకు ఉన్నచోట నకిలీ ఉండకపోదు. జీటీఓకి చుట్టంలాంటి కారు ఒకటుంది, ఫెరారీ 250 జీటీఈ. నలుగురు కూర్చునే కుటుంబం బండి. దాని విలువ తక్కువగా ఉన్న రోజుల్లో చాలామంది ఆ బాడీని ఊడదీసి, కింది ఫ్రేమును కురచ చేసి, పైన జీటీఓ ఆకారంలో అల్యూమినియం రేకు తొడిగారు. అలా ఒక నకిలీ పుట్టిన ప్రతిసారీ ఒక అసలు కారు చచ్చిపోయింది. అందుకే లెక్కలు రాసేవాళ్లు పుట్టుకలతో పాటు ఈ చావులూ రాసుకుంటారు.

బండిని పరీక్షించే నిపుణుడు ముందు దాని తళతళల జోలికి పోడు. చాప పరుచుకుని కిందికి దూరతాడు. కిరసనాయిలు గుడ్డతో ఫ్రేము మీద జిడ్డు తుడిచి, టార్చీ వేసి, భూతద్దంలో నంబరు చూస్తాడు. ఆ అంకెల్ని ఫ్యాక్టరీలో మనిషి సుత్తితో, అచ్చుతో కొట్టాడు కాబట్టి వాటికి చేతిరాతలాగే ఒక వాలు, ఒక వంకర ఉంటాయి. ఏ ఏడాది ఏ అచ్చు వాడారో, మూడు అంకె తల గుండ్రంగా ఉండేదో చదునుగా ఉండేదో అతనికి కంఠతా వచ్చు. పక్కన రేకు మీద ఆకురాయి పెట్టి అరగదీసిన గీతలు కనిపించాయంటే అనుమానం మొదలైనట్టే.

అరగదీసిన నంబరైనా చాలాసార్లు పూర్తిగా పోదు. అచ్చుతో కొట్టినప్పుడు ఆ దెబ్బకు అడుగున ఉన్న లోహం కూడా బిగుసుకుపోతుంది. పైపొర పోయినా లోపల ఆ ఒత్తిడి మిగిలే ఉంటుంది. తగిన యాసిడ్ పూస్తే, ఒత్తిడి పడ్డచోట లోహం ఒకలా, పడనిచోట మరోలా కరుగుతుంది. నీడలా పాత అంకెలు పైకి తేలతాయి. దొంగబండ్ల కేసుల్లో ఫోరెన్సిక్ వాళ్లు వాడే పద్ధతే ఇది.

బాడీకి కూడా సొంత గుర్తులుంటాయి. వెనకటి రోజుల్లో ఖరీదైన కార్లకు కంపెనీ తరచూ ఛాసిస్, ఇంజిన్ మాత్రమే ఇచ్చేది, పై కట్టుబడి వేరే బాడీ బిల్డర్ల పని. వాళ్లు చెక్క చట్రం మీద, సీటు అడుగున, తలుపు రేకు వెనక బాడీ నంబరు రాసుకునేవారు. లోపలి తోలు విప్పితే ఇప్పటికీ పెన్సిలు రాత కనిపించే కార్లున్నాయి.

యాభై ఒక్క టక్కర్లు

ఈ లెక్కల పుస్తకం ఎలా ఉంటుందో చూడాలంటే టక్కర్ కారు కథ చాలు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ప్రెస్టన్ టక్కర్ అనే అమెరికన్, షికాగోలో ఒక పెద్ద ఫ్యాక్టరీ తీసుకుని కొత్త రకం కారు చేస్తానని బయలుదేరాడు. ముందు మూడు దీపాలు. మధ్య దీపం స్టీరింగ్‌తో పాటే పక్కకు తిరుగుతుంది. హెలికాప్టర్ కోసం తయారైన ఇంజిన్‌ని మార్పులు చేసి కారు వెనక బిగించాడు. ఇంతలో మదుపుదారులను మోసం చేశాడంటూ ప్రభుత్వం కేసు పెట్టింది. 1950 జనవరిలో కోర్టు అతణ్ని నిర్దోషి అంది గానీ అప్పటికే ఫ్యాక్టరీ మూతపడింది. చేతికొచ్చినవి ఒక నమూనా కారు, 1001 నుంచి 1050 దాకా నంబర్లున్న మరో యాభై.

ఈ 51లో ఇప్పటికి 47 మిగిలాయి. పోయిన నాలుగూ ఎలా పోయాయో కూడా రికార్డులో ఉంది. 1027 పరీక్ష కోసం ఇండియానాపొలిస్ రేసు ట్రాకు మీద తిప్పుతుండగా పల్టీ కొట్టింది. 1018 ఒక చెట్టును ఢీకొంది. 1023 గోడౌన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది. 1042 దిక్కూ మొక్కూ లేక పడి ఉంటే భాగాలన్నీ ఒలుచుకుపోయారు. మిగిలినవాటిలో 1039 నడిచిన దారి మరీ చిత్రం. మాదకద్రవ్యాల వ్యాపారి ఒకడు పట్టుబడినప్పుడు అతని ఆస్తితో పాటు ఈ కారునీ అధికారులు స్వాధీనం చేసుకుని స్మిత్సోనియన్ మ్యూజియానికి అప్పగించారు. మరో టక్కర్ జపాన్‌లో టొయోటా కంపెనీ మ్యూజియంలో ఉంది. సినిమా దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా కూడా ఒకటి కొనుక్కున్నారు. టక్కర్ జీవితం మీద 1988లో వచ్చిన సినిమాకు దర్శకుడూ ఆయనే.

మనుషులకు జాతకం రాసినట్టు ఈ నలభై ఏడింటికీ పుట్టినప్పటి రంగు, మారిన ఇంజిన్, మారుతూ వచ్చిన యజమానులు అన్నీ అభిమానుల క్లబ్బులు రాసి ఉంచాయి. ఎవరైనా కొత్తగా 'నా దగ్గరో టక్కర్ ఉంది' అంటే మొదటి ప్రశ్న 'నంబరెంత?'

అన్నీ మార్చాక అది అదేనా?

గొడ్డలి పాతదే, కామ ఒకసారి మార్చాను, ఇనుము ఒకసారి మార్చాను అన్నాడట ఒకాయన. ఈ పేచీ 1990లో లండన్ హైకోర్టు దాకా వెళ్లింది. బెంట్లీ కంపెనీ వారి 'ఓల్డ్ నంబర్ వన్' అనే రేసు కారు 1929లోనూ, 1930లోనూ ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. ఆ తర్వాత ఇంకా పెద్ద ఇంజిన్ పెట్టించుకుంది. 1932లో బ్రూక్‌లాండ్స్ ట్రాకు మీద ఘోర ప్రమాదంలో డ్రైవర్ చనిపోయాక మళ్లీ కట్టుబడి మారింది. దాన్ని కోటి పౌండ్లకు బేరం కుదుర్చుకున్న కొనుగోలుదారు, పందెం గెలిచినప్పటి భాగాలు ఇందులో దాదాపు లేవు కాబట్టి ఇది ఆ కారు కాదు, డబ్బు ఇవ్వనన్నాడు.

జస్టిస్ ఆటన్ ఒక్కో భాగం పుట్టుపూర్వోత్తరాలు విన్నారు. 1929 నాటి లోహం ఇందులో అతి స్వల్పమని ఒప్పుకున్నారు. కానీ ఈ కారు ఒక్కరోజున మాయమై మరోరోజున కొత్తగా పుట్టలేదు, మార్పులు చేసుకుంటూ తెంపు లేకుండా వచ్చింది, ఆ పేరు తనదని చెప్పుకునే బండి మరొకటి లేదు కూడా. అందుచేత ఇదే ఓల్డ్ నంబర్ వన్ అని తీర్పు చెప్పారు. కొన్నవాడు డబ్బు కట్టక తప్పలేదు. పాత కార్ల తగాదాల్లో లాయర్లు ఇవాళ్టికీ ఈ తీర్పు ఎత్తుతారు.

ఆ వరస తెగితే ఏమవుతుందో చెప్పడానికి బుగాట్టి ఉదాహరణ ఉంది. ఫ్రాన్సులో జాన్ బుగాట్టి గీసిన టైప్ 57 ఎస్‌సీ అట్లాంటిక్ కార్లు నాలుగే నాలుగు తయారయ్యాయి. వెన్నెముకలా ముందు నుంచి వెనక దాకా రివెట్లు కొట్టిన అతుకు వాటి గుర్తు. 57374, 57473, 57591 మన ముందున్నాయి. వీటిలో 57473 మాత్రం 1955లో రైలు గేటు దగ్గర రైలు ఢీకొని నుజ్జయింది. దాన్ని తిరిగి కట్టాక అందులో అసలు ఎంత, కొత్త ఎంత అన్న చర్చ ఆగలేదు. నాలుగోది 57453, నల్ల రంగు, జాన్ బుగాట్టి స్వయంగా వాడినది. జర్మన్ సేనలు దిగాక 1941లో ఫ్యాక్టరీ నుంచి బోర్డోకి పంపించాల్సిన వాహనాల జాబితాలో చివరిసారిగా కనిపించింది. ఆ తర్వాత కాగితం లేదు, కారు లేదు. దొరికితే పది కోట్ల యూరోలు దాటుతుందని బుగాట్టి కంపెనీ అంచనా.

ముడతలున్న ముఖమే ముద్దు

బండి అసలుదేనా అన్నది ఒక సంగతైతే అది ఎలా ఉందన్నది మరో సంగతి. అమెరికాలో దీనికి ఆరు మెట్ల కొలత ఉంది. ఒకటో మెట్టు అంటే ఫ్యాక్టరీ నుంచి నిన్ననే దిగినట్టుండాలి. ఆరో మెట్టు అంటే విడిభాగాలకు తప్ప ఎందుకూ పనికిరానిది. ఒకప్పుడు అందరూ ఒకటో మెట్టు కోసమే ఎగబడేవారు. పాత రంగు గీకి, తోలు పారేసి, అద్దంలా మెరిపించేవారు. ఇప్పుడు గాలి కొంత మారింది. వెలిసిపోయిన తొలినాటి రంగు, పగుళ్లు తేలిన తోలు, డ్రైవర్ మోచేయి ఆని అరిగిన తలుపు అంచు ఉన్న కారుకు బాగు చేయించిన కారుకన్నా ఎక్కువ గౌరవం దక్కుతోంది. పెబుల్ బీచ్‌లాంటి పెద్ద ప్రదర్శనల్లో ఇలాంటి కార్లకు వేరే విభాగమే పెట్టారు. రంగు ఎంత మందంగా ఉందో కొలిచే చిన్న మీటరు పెట్టి చూస్తే పాత రంగు మీద కొత్త రంగు ఎక్కడ పడిందో ఇట్టే పసిగట్టవచ్చు.

చౌమహల్లా నుంచి మన షెడ్డు దాకా

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లినవాళ్లు పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చారు. కారు అందేలోపే, 1911లో ఆయన కన్నుమూశారు. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఇలాంటి కార్ల కథ పట్టుకోవడానికి ఇంగ్లండులో ఆ కంపెనీ పాత ఛాసిస్ కార్డులు ఆధారం. ఎవరు అడిగారు, ఏ ప్రత్యేకతలు కోరారు, ఎప్పుడు పంపారు అన్నవి వాటిలో ఉంటాయి. మన సంస్థానాల కార్లెన్నో ఎగుమతుల మీద కట్టడి వచ్చేలోపే ఓడలెక్కి వెళ్లిపోయాయి. వాటి జాడ తీయాలన్నా ఆ కార్డులే దిక్కు.

మన దేశంలోనూ 2021లో కేంద్రం పాత వాహనాల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా ఉన్న సొంత వాడకపు బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత తిరిగి చేయించుకోవడానికి 5,000. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' వస్తుంది. రోజూ ఆఫీసుకు తిప్పడానికి మాత్రం వీల్లేదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, రిపేర్లు లాంటి పనులకే.

ఇంకో వెసులుబాటూ ఉంది. ముందే రిజిస్ట్రేషన్ ఉన్న బండికి దాని పాత నంబరే ఉంచుకోవచ్చు. ఊళ్లో తాతగారి ఫియట్టో, పాత అంబాసిడరో గడ్డివాము పక్కన షెడ్డులో ఉంటే, డెంటింగ్ పెయింటింగ్ షాపుకు తోలేముందు చెయ్యాల్సిన పనులు వేరే ఉన్నాయి. బానెట్ ఎత్తి ప్లేటు మీద నంబరు, ఇంజిన్ నంబరు ఫొటో తీయడం, ఇన్సూరెన్సు రసీదులు పోగు చెయ్యడం, ఆ కారు పక్కన దిగిన పెళ్లి ఫొటోలు వెతకడం. ఇక తాతగారి ట్రంకు పెట్టె అడుగున, పట్టు పంచె మడతల కింద, ఆ పాత ఆర్సీ పుస్తకం ఇంకా ఉందేమో నానమ్మని అడగడం.