పాత గొడ్డలికి కొత్త కామ

గొడ్డలిలో ఉండేవి రెండే భాగాలు: ఇనుప తల, దాన్ని పట్టి ఆడించే కర్ర. ఆ కర్రనే కామ అంటారు. రెండింటి ఆయుష్షూ ఒకటి కాదు. రోజూ పనిలో ఉన్న కామ కొన్నేళ్లకు చీలుతుంది, విరుగుతుంది, లేదా పురుగు తొలిచి పొడి రాలుతుంది. తల మాత్రం తాత చేతి నుంచి మనవడి చేతికి వచ్చినా గట్టిగానే ఉంటుంది. మామిడి తోటలు, చింతచెట్లు, చెరకు మళ్లు ఉన్న చిత్తూరు జిల్లా ఐరాల మండలం లాంటి చోట కొమ్మలు నరకడానికి, కట్టెలు చీల్చడానికి గొడ్డలితో పని పడుతూనే ఉంటుంది. కామ విరిగితే తలను పశువుల కొట్టంలో మూలన పడేయడం, ఎప్పుడో పాత ఇనుము కొనేవాళ్లకు తూకానికి ఇచ్చేయడం చాలా ఇళ్లలో జరిగేదే. అలా పోయేవాటిలో మంచి ఉక్కు ఉన్నవి ఎన్నో ఉంటాయి. ఒక కర్ర, కొంత ఓపిక ఉంటే వాటిని మళ్లీ పనిలోకి తేవచ్చు.

ఈ సీమలో గొడ్డలి ఎంత పాతదో గుడిమల్లం వెళితే తెలుస్తుంది. ఏర్పేడు దగ్గరున్న ఆ ఊరు 2022 వరకు చిత్తూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. అక్కడి పరశురామేశ్వరాలయంలో లింగం మీద చెక్కిన శివుడు ఒక చేత పొట్టేలును, మరో చేత పాత్రను పట్టుకుని, ఎడమ భుజాన గొడ్డలి మోస్తూ నిలబడి ఉంటాడు. ఆ శిల్పం క్రీస్తుకు పూర్వపు శతాబ్దాలదని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. తలను కర్రకు బిగించడమెలా అన్న చిక్కు కూడా అంత పాతదే. విదర్భలోని మాహుర్‌ఝరి, నాయకుండ్ బృహత్ శిలాయుగపు సమాధుల్లో బెజ్జం లేని చదును గొడ్డళ్లు దొరికాయి. వాటిని కర్రకు ఆనించి, అడ్డంగా చుట్టిన ఇనుప పట్టీలతో కట్టేవారు. తలకే బెజ్జం పెట్టి కర్రను అందులో దూర్చే పద్ధతిలో ఆ కట్లతో పని లేదు. ఇప్పుడు పల్లెల్లో కనిపించేవి ఈ రెండో రకమే.

పాత గొడ్డలిని బాగుచేసేముందు అది ఎలా తయారైందో తెలియాలి. పాతకాలపు కమ్మరి తలనంతా ఉక్కుతో చేసేవాడు కాదు. ఉక్కు ఖరీదైనది. అందుకే ఒళ్లంతా మెత్తని ఇనుముతో చేసి, వాదర వైపు మాత్రం ఉక్కు ముక్కను కొలిమిలో కాల్చి అతికేవాడు. మెత్తని ఇనుము దెబ్బను తట్టుకుంటుంది, గట్టి ఉక్కు పదును నిలుపుతుంది. తర్వాతి కాలంలో లారీల పాత కమాను పట్టీలు కొలిముల్లోకి వచ్చాయి. వాటిలో కార్బన్ సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది కాబట్టి వాటితో చేసిన గొడ్డలి తల మొత్తం ఉక్కే. ఏ రకమైనా విలువంతా వాదర దగ్గరి రెండు మూడు అంగుళాల్లోనే ఉంది. కమ్మరి దాన్ని ఎర్రగా కాల్చి, నీళ్లలోనో నూనెలోనో ముంచి గట్టిపరిచి, పెళుసుతనం పోవడానికి మళ్లీ కొద్దిగా వేడిచేసి ఉంటాడు. బాగుచేసే పని మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఆ గట్టితనాన్ని పోగొట్టకుండా చూసుకోవాలి.

మొదట పరీక్ష. తలను తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తడితే ఖంగుమని మోగాలి. మొద్దుగా పలికితే ఎక్కడో పగులు ఉండవచ్చు. బెజ్జానికి రెండు వైపులా ఉన్న గోడలను మరింత శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే గొడ్డలి ఎక్కువగా బీటలు వారేది అక్కడే. అక్కడ పగిలిన తలకు మళ్లీ కామ వేయకూడదు. వెనకవైపు సుత్తిలా వాడి వాడి అంచులు పువ్వులా విచ్చుకుని ఉంటే ఆ అంచులను ఆకురాయితో రాసేయాలి. లేకపోతే దెబ్బ పడినప్పుడు ముక్క ఎగిరి కంట్లో పడే ప్రమాదం ఉంది. ఇక వాదర మీద ఆకురాయి నడిపి చూస్తే ఉక్కు సంగతి తెలుస్తుంది. ఆకురాయి జారిపోతుంటే ఉక్కు గట్టిగా ఉన్నట్టు. సులువుగా కోసుకుపోతుంటే పాత గట్టితనం పోయినట్టు.

గట్టితనం పోవడానికి మొదటి కారణం మంట. బెజ్జంలో ఇరుక్కుపోయిన పాత కర్ర ముక్కను తీయడానికి తలను పొయ్యిలో పడేయడం పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. కర్ర కాలి బూడిదవుతుంది, నిజమే. కానీ ఉక్కు 200 డిగ్రీలు దాటగానే మెత్తబడటం మొదలుపెడుతుంది. పైన లేత గడ్డిరంగు, తర్వాత గోధుమరంగు, 300 డిగ్రీల దగ్గర నీలిరంగు కనిపిస్తాయి. కట్టెల మంట అంతకు రెట్టింపు వేడి ఇస్తుంది. పొయ్యి నుంచి తీసిన గొడ్డలి చూడటానికి పాతదానిలాగే ఉంటుంది, కానీ మొద్దును కొట్టిన కాసేపటికే వాదర మడతపడుతుంది. అందుకే పాత కర్రను మంట లేకుండానే తీయాలి. కామను తల అంచు దాకా రంపంతో కోసి, మిగిలిన ముక్కలో డ్రిల్లింగ్ మిషన్‌తో నాలుగైదు చోట్ల తూట్లు పెడితే కర్ర బలం పోతుంది. ఆ తర్వాత తలను రెండు చెక్కల మధ్య ఆనించి, బెజ్జం ఇరుకుగా ఉన్న వైపు నుంచి వెడల్పుగా ఉన్న వైపుకు ఇనుప కడ్డీతో కొట్టాలి. అరగంట పని. ఆ అరగంటకు బద్ధకించి మంటకు అప్పగిస్తే తాత వేయించిన ఉక్కు పోతుంది.

విద్యుత్ గ్రైండర్ కూడా మంట చేసే చెరుపే చేస్తుంది. వాదర పలుచన కాబట్టి చక్రం కింద క్షణాల్లో వేడెక్కుతుంది. నీలిరంగు చార కనిపించిందంటే అక్కడ గట్టితనం పోయినట్టే. గ్రైండర్ తప్పనిసరైతే చేత్తో పట్టుకోలేనంత వేడెక్కకముందే నీళ్లలో ముంచుతూ, ఆపుతూ పట్టాలి.

తుప్పు వదలడానికి ఐరాల వైపు ఇళ్లలో ఎప్పుడూ ఉండే చింతపండు చాలు. అందులోని టార్టారిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తుంది. చింతపండును చిక్కగా పిసికిన నీళ్లలో తలను ఒక రాత్రంతా నానబెట్టి, పొద్దున తీగ బ్రష్‌తో రుద్దితే చిలుము పొరలు పొరలుగా ఊడివస్తుంది. ఇంకా మిగిలితే మళ్లీ నానబెట్టాలి. పులుపు ఇనుములో మిగిలితే కొత్త తుప్పు పడుతుంది కాబట్టి వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే తుడిచి, ఎండలో ఆరబెట్టి, ఆముదం రాయాలి. ఈ పులుపు స్నానం వల్ల ఇంకొక లాభం ఉంది. అతికిన ఉక్కు ఉంటే అది ఇనుము కంటే నల్లబడి, రెండింటి మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఉక్కు ఇంకా ఎంత మిగిలిందో అప్పుడు తెలుస్తుంది. నల్లగా పట్టిన పాత పొరను పూర్తిగా గీకి వెండిలా మెరిపించనక్కర లేదు. ఆ పొర ఇనుముకు కాపలా.

వాదర అరిగి ఉక్కు అయిపోతే, లేదా పెద్ద పెచ్చు ఊడితే ఇంట్లో చేయగలిగేది లేదు, కొలిమికి వెళ్లాలి. తెలిసిన కమ్మరి వాదరను సాగగొట్టి, కొత్త ఉక్కు అతికి, మళ్లీ గట్టిపరచి ఇస్తాడు. ఇలాంటి కొలుములు పల్లెల్లో తగ్గిపోతూ వస్తున్నాయి. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం గుర్తించిన 18 చేతివృత్తుల్లో కమ్మరం, వడ్రంగం రెండూ ఉన్నాయి. శిక్షణతో పాటు పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం అందుతుంది.

తల సిద్ధమయ్యాక కామకు కర్ర ఎంచుకోవాలి. దెబ్బ అదురును మింగి, విరగకుండా వంగి, మళ్లీ నిలువుగా రాగల కర్ర కావాలి. అమెరికాలో హికరీని, ఐరోపాలో యాష్‌ను ఇందుకు వాడతారు. ఇక్కడి చెట్లలో చేవ ఉన్న నల్లతుమ్మ పాతకాలం నుంచి నమ్మకమైనది. బండి చక్రాలకు వాడిన కర్ర అది. అడవి చెట్లలో బండి ఇరుసులకు పేరుపడిన చిరుమాను, కావడి బద్దలా వంగి లేచే చరచి ఇంకా మేలైనవి. చింత చేవ చాలా గట్టిది, కానీ దాని పోగు మెలికలు తిరిగి ఉంటుంది కనుక చెక్కేవాడికి చేతులు నొస్తాయి. ఐరాల చుట్టూ కావలసినంత దొరికే మామిడి కర్ర కామకు పనికిరాదు. అది మెత్తన, అదురుకు అడ్డంగా విరుగుతుంది. చవుకు గట్టిదే అయినా నిలువునా చీలుతుంది. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా చెట్టు కొట్టడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. కాబట్టి చిరుమానైనా చరచైనా సామిల్లులో, చట్టబద్ధంగా అమ్మేచోటే కొనాలి. తుమ్మకు ఆ ఇబ్బంది తక్కువ, అది చేను గట్ల మీదే పెరుగుతుంది.

ఏ చెట్టన్నది ఎంత ముఖ్యమో పోగు ఎటు పోతున్నదన్నదీ అంతే ముఖ్యం. పోగు కామ ఈ కొస నుంచి ఆ కొస దాకా నిలువుగా సాగాలి. మధ్యలో పక్కకు జారిపోతే ఎంత చేవ కర్రయినా అక్కడే విరుగుతుంది. అందుకే రంపంతో కోసిన బద్ద కంటే మొద్దును చీల్చి తీసిన బద్ద మేలు. చీలిక ఎప్పుడూ పోగు వెంటే పోతుంది. కొసన చూసినప్పుడు వలయాల గీతలు వాదర ఉన్న దిశలోనే ఉండాలి. ముడులు ఉండకూడదు. పచ్చి కర్ర అసలే వద్దు. బద్దలుగా చీల్చి, కొసలకు పేడ పూసి, గాలి ఆడే నీడలో కొన్ని నెలలు ఆరనివ్వాలి. పేడ పూస్తే కొసల నుంచి తడి మెల్లగా పోయి పగుళ్లు తగ్గుతాయి.

ఆరిన బద్దను బాడిసతో చెక్కి, చిత్రికతో నునుపు చేస్తారు. కట్టెలు చీల్చే గొడ్డలికి కామ 75 నుంచి 90 సెంటీమీటర్లు, ఒంటిచేతి గొడ్డలికి 35 నుంచి 45 సెంటీమీటర్లు సరిపోతుంది. గుండ్రంగా చెక్కిన కామ చేతిలో తిరుగుతుంది. కోడిగుడ్డు వాటంగా చెక్కితే వాదర ఎటు ఉందో చూడకుండానే అరచేతికి తెలుస్తుంది. పట్టుకునే కొస కొద్దిగా లావుగా ఉంటే చెయ్యి జారదు. పైకొసను బెజ్జం కొలతకు కొంచెం కొంచెంగా తీస్తూ, మధ్యమధ్య దూర్చి చూస్తూ, నల్లటి ఒరుపు మరకలు పడిన చోటనే చెక్కాలి. తొందరపడి ఎక్కువ తీస్తే ఏ చీలా ఆ ఖాళీని పూడ్చలేదు.

తలను ఎక్కించడానికి దాని మీద కొట్టనక్కర లేదు. కామను నిలువుగా, తల కిందికి వేలాడేలా పట్టుకుని, పైకి ఉన్న కామ కొసను చెక్క సుత్తితో కొడితే బరువైన తల కదలకుండా నిలుస్తుంది, కర్ర దానిలోకి దిగుతుంది. కామ పైకొసలో ముందే బెజ్జం లోతులో మూడింట రెండు వంతుల దాకా రంపపు గాటు పెట్టి ఉంచుతారు. అందులోకి ఎండిన చెక్క చీలను దిగగొడితే కర్ర విచ్చుకుని బెజ్జం గోడలకు అదుముకుంటుంది. కర్ర తల మీదికి నాలుగైదు మిల్లీమీటర్లు మిగిలేలా కోస్తే ఆ ఉబ్బిన అంచు తలను జారనివ్వదు.

వదులైన గొడ్డలిని నీళ్లతొట్టిలో వేయడం చాలామంది చేసే పని. కర్ర ఉబ్బి ఆ రోజుకు బిగుస్తుంది. కానీ ఉబ్బినప్పుడు ఇనుము గోడల మధ్య నలిగిన పోగు, ఆరాక మునుపటికంటే సన్నబడుతుంది. మర్నాడు ఇంకా వదులవుతుంది. వదులైతే చీలను మరికొంత దిగగొట్టాలి, చాలకపోతే కొత్త చీల వేయాలి. కామ వేసే కాలం కూడా ముఖ్యమే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల తేమలో బిగించిన కామ చిత్తూరు ఎండలకు మేలో సడలుతుంది. ఫిబ్రవరి తర్వాత, కర్ర బాగా పొడిగా ఉన్నప్పుడు బిగిస్తే వానాకాలంలో ఇంకా బిగుస్తుందే తప్ప వదలదు. కామకు అవిసె నూనె రెండు మూడు పూతలు పట్టించాలి. అది ఆరి గట్టిపడే నూనె. వేరుశనగ నూనె అలా ఆరదు, జిడ్డుగా మిగులుతుంది.

చివరి పని పదును. ఆకురాయిని ఒకే దిశలో నడిపి, రెండు వైపులా సమానంగా, వాదర మొత్తం కోణం 25 నుంచి 30 డిగ్రీలు ఉండేలా తీర్చి, సానరాయి మీద నీళ్లతో నునుపు చేయాలి. కట్టెలు చీల్చడానికే వాడే గొడ్డలికి కోణం కొంచెం మొద్దుగా ఉంటే పెచ్చులు ఊడవు. వాదర దగ్గర బుగ్గ, అంటే తల పక్కభాగం, కొద్దిగా ఉబ్బి ఉంటే గొడ్డలి కర్రలో ఇరుక్కోదు. మొదటిరోజు పది దెబ్బలకొకసారి ఆపి, తల కదిలిందేమో చూడాలి, చుట్టుపక్కల మనుషులు లేనిచోటే కొట్టాలి. వాడనప్పుడు వాదరకు ఆముదం రాసి, తోలు తొడుగు వేసి, గోడకు తగిలించాలి. నేల మీద, తడి తగిలే చోట పడేస్తే ఇనుముకు తుప్పు, కామకు చెదలు పడతాయి.