ట్రాక్టరు టైరాడ్ ఎండులు: అరుగుదల గుర్తించి మార్చుకొను పద్ధతి

డెల్టా పొలములలో సార్వా దమ్ము సాగినన్ని రోజులు ట్రాక్టరు ముందు చక్రములు బురద నీటిలోనే తిరుగుచుండును. ఆ రోజులలో రైతు డీజిలును, ఇంజను ఆయిలును, కేజీ వీల్సు బోల్టులను చూచుకొనును గాని, ముందు ఇరుసు దగ్గర అడ్డముగా పోవు సన్నని కడ్డీవైపు చూడడు. ఆ కడ్డీయే టైరాడు. కుడి చక్రమును, ఎడమ చక్రమును ఒకే దారికి తిప్పునది అదియే. దాని కొనలందుండు గుండు కీళ్లను టైరాడ్ ఎండులు అందురు. కొన్ని నమూనాలలో రెండు కడ్డీలు, నాలుగు ఎండులు ఉండును. ఖరీదులో ఇవి చిన్న భాగములే. అయినను ధాన్యపు బస్తాల ట్రాలీతో కాలువ గట్టుపై పోవు ట్రాక్టరుకు ఒక ఎండు ఊడినచో, ఆ వైపు చక్రము తన ఇష్టము వచ్చిన దిక్కునకు తిరుగును. డ్రైవరు చేతిలో స్టీరింగు ఉన్నను ప్రయోజనముండదు.

ఎండు నిర్మాణము మన భుజపు కీలు వంటిది. ఇనుప గిన్నెలో ఉక్కు గుండు కూర్చుండియుండును. గుండుకు గల కాడ కొనవైపు సన్నబడుచు, చక్రపు స్టీరింగు ఆర్ము కన్నములో బిగిసి కూర్చుండును. దానిని తలపై గాట్లు గల నట్టుతో బిగించి, నట్టు వదులు కాకుండ స్ప్లిట్ పిన్ను వేయుదురు. గిన్నె నోటిని రబ్బరు బూటు మూసియుంచును. బూటు చినిగిన నాటినుండి ఎండు ఆయువు తరుగుచుండును. నీరు లోపలి గ్రీజును కడిగివేయును. నీటితో చేరిన ఇసుక ఆకురాయివలె గుండును, గిన్నెను రాచివేయును. చినిగిన బూటుపై సైకిలు ట్యూబు ముక్క చుట్టి తీగతో కట్టుట మన ఊళ్లలో కలదు. దానివలన లోపలి బురద లోపలనే నిలుచును.

స్టీరింగు ఇదివరకటికంటె ఎక్కువ తిరిగిన పిదపగాని చక్రములు కదలకుండుట, రోడ్డుపై ముందు చక్రములు వణకుట, ముందు టైర్లు ఒక అంచున త్వరగా అరుగుట అనుమానింపదగిన గుర్తులు. పవర్ స్టీరింగు గల ట్రాక్టర్లలో ఈ కుదుపు చేతికి అంతగా తెలియదు. కావున అట్టి ట్రాక్టరు గలవారు గుర్తులకొరకు వేచియుండక అప్పుడప్పుడు పరీక్షించుచుండవలెను.

పరీక్షకు ఇద్దరు కావలెను. ట్రాక్టరును చదునైన నేలపై నిలిపి, బ్రేకు లాకు చేసి, గేరు న్యూట్రలులో ఉంచవలెను. ఒకరు స్టీరింగును కొద్దిగా ఇటునటు ఆడించుచుండగా, రెండవవారు ఎండుపై అరచేయి ఆనించి చూడవలెను. పవర్ స్టీరింగు అయినచో ఇంజను నెమ్మదిగా నడుచుచుండవలెను. అప్పుడు ఆర్ముకును ఇరుసుకును మధ్య వ్రేళ్లు ఉంచరాదు. కడ్డీ ముందు కదలి, ఆర్ము క్షణము ఆగి కదలినచో ఆ ఎండు అరిగినదే. కొన్ని ఎండుల లోపల స్ప్రింగు ఉండును గనుక గట్టిగా నొక్కినప్పుడు కొద్దిగా అణగుట దోషము కాదు. ప్రక్కకు లొడలొడలాడుట దోషము.

ఇంతటితో తొందరపడి కొత్త ఎండులు కొనరాదు. వెనుక చక్రములకు రాళ్లు అడ్డము పెట్టి, ముందు ఇరుసును జాకీతో లేపి, దానిక్రింద గట్టి దిమ్మ ఉంచవలెను. చక్రమును ముందు వెనుకల పట్టి ఊపినప్పుడు ఎండు దగ్గర వదులు కనబడినచో దోషము ఎండుదే. పైన క్రింద పట్టి ఊపినప్పుడు ఆడినచో హబ్బు బేరింగునో కింగ్ పిన్నునో చూడవలెను. దోషము అక్కడ ఉండగా ఎన్ని ఎండులు మార్చినను వణకు పోదు.

ఒక ఎండు అరిగినచో రెండవది కూడ అదే బురదలో తిరిగినదే గనుక రెండును మార్చుట మేలు. పాతదానిని అంగడికి తీసికొనిపోయి కాడ లావును, మరను సరిచూచి కొనవలెను. అనేక ట్రాక్టర్లలో ఒక కొనకు కుడి మర, రెండవ కొనకు ఎడమ మర ఉండును.

విప్పుటకు ముందు రెండు కాడల నడుమ దూరమును టేపుతో కొలిచి వ్రాసికొనవలెను. ఈ ఒక్క పని మరచుటచేతనే తరువాత చక్రములు వంకరపోవును. పిదప కడ్డీపై లాకు నట్టును వదులు చేసి, స్ప్లిట్ పిన్ను లాగి, కాడ నట్టును పూర్తిగా తీయక రెండు మూడు చుట్లు మాత్రమే వదలవలెను. కాడ కొనపై సుత్తితో కొట్టరాదు. మర చెడి, కాడ మరింత బిగియును. పుల్లరు లేనిచో ఆర్ము కన్నమునకు ఒక ప్రక్క బరువైన సుత్తిని ఆనించి, ఎదుటి ప్రక్క మరొక సుత్తితో గట్టిగా కొట్టినచో కాడ పట్టు వదలును. తరువాత నట్టు తీసి, ఎన్ని చుట్లకు ఎండు ఊడివచ్చినదో లెక్కించుచు విప్పవలెను.

కొత్త ఎండును అన్ని చుట్లే ఎక్కించి, వ్రాసికొన్న దూరముతో సరిచూడవలెను. ఆర్ము కన్నమును పొడిగుడ్డతో శుభ్రముగా తుడవవలెను. అక్కడ గ్రీజు పూయరాదు. నట్టును ట్రాక్టరు పుస్తకములోని బిగువుకు బిగించిన పిదప, పిన్ను రంధ్రము గాటుకు ఎదురుగా రానిచో ఇంకను కొద్దిగా బిగించవలెనే గాని వెనుకకు వదలరాదు. పిన్ను ఎప్పుడును కొత్తదే వేయవలెను. దానికి బదులు మేకు, తీగ వాడుట ప్రాణముతో చెలగాటము. అరిగిన గుండును వెల్డింగుతో బిగింపజేయుట కూడ అట్టిదే. వేడికి ఉక్కు గట్టిదనము పోయి కాడ విరుగును.

చివరకు చక్రముల వరుస చూడవలెను. రెండు ముందు టైర్ల నడుమ, వెనుకవైపున హబ్బు ఎత్తులో సుద్దతో గీతలు గీసి వాటి మధ్య దూరము కొలవవలెను. ట్రాక్టరును మెల్లగా నెట్టి ఆ గీతలు ముందువైపునకు వచ్చిన పిదప మరల కొలవవలెను. సాధారణముగా ముందు దూరము కొన్ని మిల్లీమీటర్లు తక్కువ ఉండును. సరియైన అంకె ఆ ట్రాక్టరు పుస్తకములోనిదే. కడ్డీ పొడవు సవరించి లాకు నట్టు బిగించవలెను. స్టీరింగును రెండు వైపుల చివరవరకు త్రిప్పి, ఎక్కడను రాచుకొనకుండ చూడవలెను. ఈ పనులు స్వయముగా నేర్వదలచినవారికి అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ సంస్థ కలదు.

మొదటి రోజు పని ముగిసిన పిదప నట్టులను మరొకసారి చూడవలెను. గ్రీజు నిపుల్ ఉన్న ఎండులకు దమ్ము రోజులలో ప్రతి సాయంకాలము ట్రాక్టరును కడిగి, బూటు కొద్దిగా ఉబ్బువరకు గ్రీజు పెట్టవలెను. బూటు పగులునంత పెట్టరాదు. నిపుల్ లేనివానికి బూటు చినుగకుండ చూచుకొనుటయే చేయదగిన పని.