రోజుకు రెండు గంటల అమ్మమ్మ

సాయంత్రం ఐదు దాటాక సింగపూర్‌లోని యూ టీ ఎమ్మార్టీ స్టేషన్ చుట్టుపక్కల హెచ్‌డీబీ (ప్రభుత్వ ఫ్లాట్ల) బ్లాకుల కింద ఎక్కువగా కనిపించేది ముసలివాళ్లూ పసివాళ్లూనే. ఒక చైనీస్ అవ్వ మనవడి స్కూలు బ్యాగు భుజాన వేసుకుని నడుస్తుంటుంది. ఒక మలయ్ నాయనమ్మ ఉయ్యాల ఊపుతుంటుంది. ఆరు నెలలకని ఊరి నుంచి వచ్చిన మన తెలుగు అమ్మమ్మ పెరుగన్నం గిన్నెతో జారుడుబల్ల చుట్టూ తిరుగుతుంటుంది. ఆ బిడ్డ నోట్లోకి పోయేవి పది ముద్దలైతే, చెవిలోకి పోయేవి వంద మాటలు.

దీన్ని ఎవరూ వైద్యం అనుకోరు, చదువు అని కూడా అనుకోరు. కానీ వంద మాటలు పక్కన పెట్టి పది ముద్దలు మాత్రమే అందిస్తే బిడ్డ ఏమవుతాడన్నది గత శతాబ్దంలో శాస్త్రవేత్తలు చాలా శ్రద్ధగా పరిశీలించిన ప్రశ్న. దానికి జవాబులు అనాథాశ్రమాల్లో దొరికాయి. ఆ జవాబుల్లోంచే ఒక తేలికైన ఉపాయం కూడా పుట్టింది: ఆశ్రమంలోని ఒక్కో బిడ్డకు, రోజూ కొంతసేపు, తనదంటూ ఒక పెద్దావిడను ఇవ్వడం.

లెక్క కుదరని చోటు

ఆశ్రమాల్లో ఆయాలకు ప్రేమ ఉండదనే మాట నిజం కాదు. వాళ్లకు లేనిది సమయం. ఒక ఆయాకు ఎనిమిది మంది చంటిపిల్లలు అనుకుందాం. రోజుకు ఆరుసార్లు పాలు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు. ఒళ్లో పెట్టుకుని పట్టాలంటే పాలకే పదహారు గంటలు కావాలి. స్నానాలు, గుడ్డలు మార్చడం, జ్వరాలు, రిజిస్టర్లు ఇంకా మిగిలే ఉన్నాయి. అందుకే పాలసీసాకు దిండు ఆనించి బిడ్డ నోట్లో పెట్టి పక్క మంచానికి వెళ్లిపోతుంది. సాయంత్రానికి ఆమె డ్యూటీ దిగుతుంది, ఇంకో ఆవిడ వస్తుంది.

1945లో రెనే స్పిట్జ్ అనే వైద్యుడు రెండు చోట్ల పెరుగుతున్న పసిపిల్లలను పోల్చి చూశాడు. ఒకటి స్త్రీల జైలు, అక్కడ ఖైదీ తల్లులే తమ బిడ్డలను చూసుకునేవారు. రెండోది శుభ్రంగా ఉన్న అనాథ శిశుగృహం, అక్కడ ఒక్కో నర్సు చేతిలో ఎనిమిది మందికి పైగా పిల్లలు. తిండికీ వైద్యానికీ లోటు లేని ఆ శిశుగృహంలోనే రెండేళ్లలో మూడో వంతుకు పైగా పిల్లలు చనిపోయారు. జైల్లో పెరిగిన పిల్లలు మామూలుగా పాకారు, నడిచారు, మాట్లాడారు.

కారణం ఇప్పుడు కొంత తెలుసు. బిడ్డ ఊ కొడితే పెద్దవాళ్లు ఆ కొట్టాలి, బిడ్డ ఏడిస్తే ఎవరో రావాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడాల మీదే మెదడులో మాటకూ భావానికీ సంబంధించిన అల్లిక సాగుతుంది. ఎంత ఏడ్చినా ఎవరూ రాకపోతే బిడ్డ ఏడుపు మానేస్తాడు. చూడ్డానికి బుద్ధిమంతుడిలా ఉంటాడు కానీ లోపల ఒత్తిడి తగ్గదు, ఎదుగుదల మందగిస్తుంది. తిన్నది ఒంటికి పట్టదని మన పెద్దవాళ్లు అనేది ఇలాంటి పిల్లల గురించే.

రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ శిశుగృహాల్లో పరిశోధకులు లెక్క తీస్తే, మొదటి రెండేళ్లలో ఒక్కో బిడ్డను 60 నుంచి 100 మంది దాకా చేతులు మారి చూసుకున్నట్టు తేలింది. అక్కడ గుంపుల్లో పిల్లల సంఖ్య తగ్గించి, ఒక్కో గుంపుకు రోజూ అవే ముఖాలు కనిపించేలా ఏర్పాటు చేశారు. తిండి పెంచలేదు, మందులు పెంచలేదు. అయినా పిల్లల ఎత్తు, బరువు, మాట, ఆట అన్నీ మెరుగయ్యాయి.

డాక్టర్లు చేతులెత్తేసినప్పుడు

ఈ పరిశోధనలన్నిటికంటే ముందు జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ పిల్లల ఆసుపత్రిలో ఒక ముసలావిడ ఉండేదని వైద్యులు చెప్పుకుంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు అక్కడికి వెళ్లిన అమెరికన్ డాక్టర్ ఫ్రిట్జ్ టాల్బట్‌కు, చిక్కి శల్యమైన బిడ్డను చంకనేసుకుని తిరుగుతున్న ఒక లావుపాటి అవ్వ కనిపించింది. ఎవరని అడిగితే అక్కడి పెద్ద డాక్టరు ఆమె పేరు అన్నా అనీ, తాము చేయగలిగినదంతా చేసినా కోలుకోని బిడ్డను ఆమెకు అప్పగిస్తామనీ, ఆమె బాగుచేస్తుందనీ చెప్పాడు.

కథ బాగుంది కానీ కథ రుజువు కాదు. రుజువు లాంటిది 1930లలో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో దొరికింది. మనస్తత్వవేత్త హెరాల్డ్ స్కీల్స్ ఒక అనాథాశ్రమంలో బాగా వెనకబడిన ఇద్దరు పసిపాపలను చూశాడు. వాళ్లను బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల సంస్థలో స్త్రీల వార్డుకు పంపారు. కొన్ని నెలల తర్వాత అక్కడికి వెళ్లిన స్కీల్స్ ఆ పిల్లలను గుర్తుపట్టలేకపోయాడు. ఇద్దరూ చురుగ్గా ఆడుతున్నారు. ఆ వార్డులోని స్త్రీలు వాళ్లను తమ సొంతం చేసుకున్నారు.

అలా 13 మంది పిల్లలను పంపి చూశారు. దాదాపు ప్రతి బిడ్డకూ వార్డులో ప్రత్యేకంగా ఒక స్త్రీ దగ్గరైంది. వాళ్ల తెలివితేటల కొలత సగటున 27.5 పాయింట్లు పెరిగింది. ఆశ్రమంలోనే ఉండిపోయిన 12 మందికి సగటున 26.2 పాయింట్లు తగ్గింది. ఏళ్ల తర్వాత స్కీల్స్ వాళ్లందరినీ వెతికి పట్టుకుని, 1966లో ఫలితాలు ప్రచురించాడు. మొదటి 13 మందీ తమ కాళ్ల మీద తాము నిలబడి బతుకుతున్నారు. రెండో గుంపులో కొందరు అప్పటికీ సంస్థల్లోనే ఉన్నారు. మొదటి గుంపులో 11 మందికి తర్వాత దత్తత కుటుంబాలు దొరికాయి కాబట్టి ఘనతంతా ఆ స్త్రీలదే అనలేం. కానీ దత్తతకు వెళ్లగలిగే స్థితికి పిల్లలను తెచ్చింది వాళ్లే. వాళ్లకు చదువు లేదు, శిక్షణ లేదు. ఉన్నది తీరిక, నా బిడ్డ అనే పట్టుదల.

తీరిక ఉన్నవాళ్లకు జీతం

తీరిక ఎవరి దగ్గర ఉంటుంది? ఈ ప్రశ్నకు అమెరికా ప్రభుత్వం 1965లో జవాబు ఇచ్చింది. పేదరికం మీద యుద్ధం పేరుతో నడిచిన పథకాల్లో భాగంగా అరవై దాటిన పేదవాళ్లను పిల్లల ఆసుపత్రులకూ ఆశ్రమాలకూ పంపే కార్యక్రమం మొదలైంది. పేరు ఫాస్టర్ గ్రాండ్‌పేరెంట్. ఏర్పాటు చాలా సాదాది. ఒక్కో పెద్దావిడకు ఇద్దరు పిల్లలు. ఒక్కొక్కరితో రోజుకు రెండు గంటలు, వారానికి ఐదు రోజులు. చేసిన పనికి కొద్దిపాటి భృతి. గుడ్డలు ఉతకడం, గది ఊడవడం ఆమె పని కాదు. ఆమె పనల్లా ఆ బిడ్డే.

ఆ పథకం ఇప్పటికీ నడుస్తోంది. దాని కిటుకు భృతిలో ఉంది. డబ్బు తీసుకుంటున్నారు కాబట్టి రేపు వస్తారన్న భరోసా ఉంటుంది. పేద వృద్ధురాలికి అది మందుల ఖర్చు, బస్సు ఖర్చు. దానికి మించి, ఉదయం లేచాక తనకోసం ఎదురుచూసే మనిషి ఒకరున్నారన్న ఊరట.

ఇదే ఆలోచన వేరే చోట్ల వేరే రూపాల్లో కనిపిస్తుంది. చైనాలో 1998లో జెన్నీ బోవెన్ స్థాపించిన హాఫ్ ది స్కై సంస్థ ప్రభుత్వ ఆశ్రమాల్లోకి చుట్టుపక్కల స్త్రీలను తీసుకుని శిక్షణ ఇచ్చింది. వాళ్లలో ఫ్యాక్టరీ ఉద్యోగాలు పోయినవాళ్లు చాలామంది. ఒక్కొక్కరికీ కొద్దిమంది పసిపిల్లలనే అప్పగించారు. బల్గేరియాలో పింఛనుతో బతికే నాయనమ్మలను రోజుకు కొన్ని గంటలు ఆశ్రమాలకు రప్పించారు.

కాళ్ల మీద నీళ్లు పోసే శాస్త్రం

హంగరీలోని బుడాపెస్ట్‌లో 1946లో ఎమ్మీ పిక్లర్ అనే డాక్టర్ లోట్సీ వీధిలో ఒక శిశుగృహం తెరిచింది. యుద్ధం మిగిల్చిన అనాథలకు కావలసినంత మంది సిబ్బంది ఆమెకూ లేరు. అందుకని ఆమె ఒక నియమం పెట్టింది. స్నానం, తిండి, బట్టలు తొడగడం ఎలాగూ తప్పవు కాబట్టి ఆ కాసేపైనా ఆయా మనసంతా ఒక్క బిడ్డ మీదే ఉండాలి. కళ్లలోకి చూడాలి. ఏం చేయబోతున్నదీ చెప్పి చేయాలి. తొందరపడకూడదు.

తెలుగు ఇళ్లలో చంటిబిడ్డకు నీళ్లు పోయడం చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. అమ్మమ్మ పీట మీద కూర్చుని కాళ్లు చాపుకుంటుంది. బిడ్డను ఆ కాళ్ల మీద పడుకోబెట్టి నూనె రాస్తుంది, నలుగు పెడుతుంది, గోరువెచ్చటి నీళ్లు పోస్తుంది, సాంబ్రాణి పొగ వేస్తుంది. ముక్కు సాగదీస్తూ, కాళ్లూ చేతులూ వంచుతూ, అరగంట సేపు బిడ్డతోనే కబుర్లు. ఆ అరగంటలో స్పర్శ ఉంది, చూపు ఉంది, మాట ఉంది. బిడ్డ ఏడిస్తే వెంటనే జవాబు ఉంది. పిక్లర్ నియమంగా రాసిపెట్టినది మన పెరట్లో అలవాటుగా ఉండేది. వరసగా పన్నెండు మందికి నీళ్లు పోయాల్సిన ఆయా దగ్గర లేనిది సరిగ్గా ఈ అరగంటే.

సింగపూర్ దారి

సింగపూర్‌కు ఇందులో తన చరిత్ర తనకుంది. 1854లో వచ్చిన ఫ్రెంచ్ సన్యాసినులు విక్టోరియా స్ట్రీట్‌లో నడిపిన కాన్వెంట్ గేటు దగ్గర పసిపిల్లలను వదిలి వెళ్లేవారు. ఎక్కువమంది ఆడపిల్లలు. ఇంట్లో పేదరికం ఒక కారణం, పులి సంవత్సరంలో పుట్టిన ఆడపిల్ల కలిసిరాదన్న చైనీయుల నమ్మకం ఇంకొకటి. ఆ భవనాల్లో ఇప్పుడు రెస్టారెంట్లున్నాయి, చైమ్స్ అంటారు. ఆ చిన్న గేటు ఇంకా ఉంది.

అంతగా తెలియనిది శాకాహార మఠాల సంగతి. పెళ్లి చేసుకోకుండా ఇళ్లలో ఆయాలుగా జీవితమంతా పనిచేసిన చైనీస్ స్త్రీలు, ముసలితనంలో ఆశ్రయం కోసం అలాంటి మఠాల్లో చేరేవారు. 1950లలో మార్జొరీ టోప్లీ అనే మానవశాస్త్రవేత్త వాటిని అధ్యయనం చేసింది. ఆ స్త్రీలు ఆడపిల్లలను తెచ్చి పెంచుకునేవారు. అవసరం రెండు వైపులా ఉండేది: బిడ్డకు ఒడి, అవ్వకు రేపటి ఆసరా, పోయాక దీపం పెట్టే మనిషి.

1956లో ప్రభుత్వం పెంపుడు కుటుంబాల పథకం మొదలుపెట్టింది. ఇంట్లో రక్షణ లేని పిల్లలను, ముఖ్యంగా చిన్నవాళ్లను, హాస్టల్ లాంటి చోట్లకు బదులు కుటుంబాల్లో ఉంచడమే ఇవాళ్టి విధానం. అంటే సింగపూర్ అవ్వను ఆశ్రమానికి పంపలేదు, బిడ్డనే ఇంటికి పంపింది. రొమేనియాలో 2000 ప్రాంతంలో మొదలైన బుకారెస్ట్ పరిశోధన ఈ దారినే సమర్థించింది. అక్కడి ఆశ్రమాల్లోని 136 మంది పసిపిల్లల్లో చీటీ తీసినట్టు సగం మందిని పెంపుడు ఇళ్లకు పంపి, ఏళ్ల తరబడి గమనించారు. ఇళ్లకు వెళ్లినవాళ్లు మెరుగయ్యారు, రెండేళ్లలోపు వెళ్లినవాళ్లు ఇంకా ఎక్కువ మెరుగయ్యారు. కాబట్టి ఆశ్రమంలో అమ్మమ్మను పెట్టడం మంచిదే కానీ, బిడ్డను ఇంటికి చేర్చడం ఇంకా మంచిది. మొదటిది రెండోదానికి మెట్టు కావాలి తప్ప బదులు కాకూడదు.

ఎవరు చేయవచ్చు, ఎలా

బిడ్డ ఒకరికి అలవాటుపడ్డాక విడిపోతే బాధ కదా, అసలు అలవాటు చేయడమే తప్పు కాదా అని కొందరు అడుగుతారు. బాధ నిజమే. కానీ ఒకసారి ఒక మనిషిని నమ్మిన బిడ్డ రేపు దత్తత తల్లినీ నమ్మగలడు. ఎవరినీ నమ్మే అవకాశం రాని బిడ్డకు అదే కష్టమవుతుంది. అసలు ప్రమాదం వారానికో కొత్త ముఖం రావడం.

మన దగ్గర పుట్టినరోజుకు ఆశ్రమంలో భోజనం పెట్టి, కేకు కోసి, ఫొటో దిగి రావడం ఆచారమైపోయింది. తిండి పెట్టడం పుణ్యమే. కానీ పదిహేను నిమిషాలు ఎత్తుకుని ముద్దుచేసి మళ్లీ కనిపించని మనిషి, ఆ బిడ్డకు చేతులు మారిన మనుషుల జాబితాలో మరొకరు, అంతే. అందుకే అమ్మమ్మలను ఆశ్రమానికి పంపే ఈ పనికి కొన్ని షరతులు తప్పవు. పోలీసు విచారణ, ఆరోగ్య పరీక్ష, కొద్ది రోజుల శిక్షణ ఉండాలి. ఒక ఆవిడకు ఇద్దరికి మించి పిల్లలను ఇవ్వకూడదు. రోజులూ వేళలూ మారకూడదు. బిడ్డను బయటికి తీసుకెళ్లడం ఉండకూడదు. దత్తత ఖాయమైతే కొత్త తల్లిదండ్రులకు బిడ్డ అలవాట్లన్నీ చెప్పి అప్పగించడం ఆమె పనిలో భాగమే కావాలి. చేసిన పనికి భృతి ఇవ్వాలి. ఉచితంగా చేయించుకుంటే ఓపిక ఉన్నన్నాళ్లే సాగుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రభుత్వ శిశుగృహాలు, హైదరాబాద్‌లో శిశువిహార్ ఉన్నాయి. జిల్లా బాలల పరిరక్షణ విభాగాల ద్వారా వాటిని సంప్రదించవచ్చు. 2024లో కేంద్రం సవరించిన పెంపుడు సంరక్షణ మార్గదర్శకాలు ఒంటరి స్త్రీలకూ వితంతువులకూ కూడా పెంపుడు తల్లులయ్యే దారి తెరిచాయి. ఇంకోవైపు మన ఊళ్లలో పిల్లలు విదేశాలకు వెళ్లిపోయి, నలుగురిని పెంచిన చేతులు ఖాళీగా ఉన్న ఇళ్లు ఎన్నో. ఈ రెంటినీ కలిపే పథకం ఒకటి రాష్ట్ర ప్రభుత్వాలు ఆలోచించాలి. అంగన్‌వాడీలు నడిపిన అనుభవం ఉన్న మనకు అది పెద్ద పని కాదు.

యూ టీకి విజిట్ పాస్ మీద వచ్చిన అమ్మమ్మ ఇక్కడి పిల్లల కోసం ఆ పని చేయలేదు, చేయకూడదు కూడా. ఆరు నెలలకు వెళ్లిపోయే మనిషి ఆ బిడ్డకు వద్దు. ఆమె తిరిగి వెళ్లేది గుంటూరుకో కరీంనగర్‌కో. అక్కడైతే ఆమె స్థిరంగా ఉంటుంది. ఆవిడను విమానం ఎక్కించే కొడుకులూ కూతుళ్లూ, ఊళ్లో మీ అమ్మకు పొద్దుపోవడం లేదని బాధపడే బదులు, దగ్గర్లోని శిశుగృహం ఎక్కడుందో కనుక్కుని, అక్కడివాళ్లు ఒప్పుకుంటే ఆమెను ఒకసారి తీసుకెళ్లండి. పండ్లూ బిస్కెట్లూ పట్టుకెళ్లకపోయినా ఫర్వాలేదు. ఏ రోజుల్లో, ఎన్ని గంటలు, ఏ బిడ్డ దగ్గర ఉండవచ్చో అడిగి రండి.