పెద్దవారి మెదడుకు రక్తమే ఆధారం

మెదడు మన శరీర బరువులో సుమారు 2 శాతమే. కాని గుండె పంపే రక్తంలో 15 నుండి 20 శాతం దానికే కావాలి. నాళం పూడుకుపోయినా, చిట్లినా కొద్ది నిమిషాలలోనే మెదడు కణాలు చనిపోసాగుతాయి. అదే పక్షవాతం.

వయసు పెరిగేకొద్దీ రక్తనాళాలు గట్టిపడతాయి. బి.పి., షుగరు, పొగాకు వాటిని ఇంకా త్వరగా పాడుచేస్తాయి. సన్నని నాళాలు దెబ్బతింటే మతిమరుపు కూడా రావచ్చు. బి.పి. చాలామందికి ఏ బాధా లేకుండానే ఉంటుంది. కాబట్టి "బాగానే ఉన్నాను" అని పెద్దవారు మాత్రలు మానేస్తే ఒప్పుకోకండి. పచ్చళ్ళు, అప్పడాలు తగ్గించండి. రోజూ అరగంట నడవనివ్వండి.

మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా పసరు మందులకూ నూనె మర్దనకూ తిరగకండి. నోట్లో నీళ్ళు, మాత్రలు వేయకండి, పొలమారుతుంది. మొదలైన సమయం గుర్తుంచుకొని వెంటనే 108కి ఫోన్ చేయండి. స్కానింగులో గడ్డ అడ్డుపడిందని తేలితే, అది కరిగే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. పెబ్బేరు నుండి కర్నూలుకైనా, మహబూబ్‌నగర్‌కైనా ప్రయాణానికే దాదాపు గంట పోతుంది. లక్షణాలు వాటంతటవే తగ్గినా ఆసుపత్రికి తీసుకురండి. అది రాబోయే పక్షవాతానికి హెచ్చరిక కావచ్చు.