అంగుళం మడమ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరిచెట్టు ఎక్కే మనిషి పాదాల వైపు ఒకసారి చూడండి. చెప్పులు చెట్టు మొదట్లోనే విడిచేస్తాడు. రెండు పాదాలకూ కలిపి ఒక తాడుచుట్ట తగిలించుకుంటాడు. ఆ చుట్ట మానును కరిచి పట్టుకుంటే దాని మీద బరువు మోపి పైకి లేస్తాడు. కాయలు దించి కిందికి రాగానే పాదాన్ని ఒక్క విదిలింపు విదిలిస్తే చుట్ట ఊడి నేల మీద పడుతుంది. ఎక్కేటప్పుడు గట్టిగా పట్టుకోవాలి, అక్కర తీరగానే ఇట్టే వదిలేయాలి. ఆ చిన్న తాడుకు ఈ రెండు పనులూ తెలుసు.

గుర్రం మీద కూర్చునే మనిషి కాలికి కూడా సరిగ్గా ఇలాంటి చుట్టే మొదట దొరికింది. అది దొరికింది కూడా మన దేశంలోనే.

సాంచి, భాజా శిల్పాల్లో రౌతుల కాళ్ల దగ్గర తాడు వలయం లాంటిది కనిపిస్తుందని చరిత్రకారులు గుర్తించారు. అవి క్రీస్తు పూర్వం 2, 1 శతాబ్దాల నాటి శిల్పాలు. టెక్కలికి దిగువన, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధులు ఆరామాలు కట్టుకోవడం మొదలుపెట్టింది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. ఆ వలయంలో పట్టేది బొటనవేలు ఒక్కటే. మన రౌతుకు కాలికి జోడు లేదు కాబట్టి వేలితోనే పని గడిచింది. మంచు కురిసే దేశాల్లో ఆ పప్పు ఉడకదు. అక్కడ బొటనవేలు బయట పెడితే గడ్డకట్టి రాలిపోతుంది. తోలు బూటు తొడిగిన పాదం మొత్తం పట్టేంత పెద్ద వలయం వాళ్లకు కావాలి.

దాన్ని చైనాలో చేశారు. చాంగ్షాలో 302వ సంవత్సరం నాటి సమాధిలో దొరికిన మట్టి రౌతు బొమ్మకు ఎడమ పక్క ఒక్కటే వలయం ఉంది. అదీ పొట్టిది. అంటే గుర్రం ఎక్కడానికి మెట్టులా వాడుకున్నారన్నమాట. నాన్‌జింగ్ దగ్గర 322 నాటి సమాధిలోని గుర్రం బొమ్మకు రెండు పక్కలా వలయాలున్నాయి. 415లో చనిపోయిన ఫెంగ్ సూఫు అనే ప్రభువు సమాధిలో బొమ్మలు కాదు, అసలు వస్తువులే బయటపడ్డాయి: మల్బరీ కర్రను వంచి, పైన బంగారు పూత పూసిన కంచు రేకు తొడిగిన జత. అక్కడి నుంచి స్టెప్పీ మైదానాల సంచార జాతుల చేతుల మీదుగా ఆ వస్తువు 6, 7 శతాబ్దాల నాటికి ఐరోపా చేరింది.

మన నిఘంటువుల్లో దీనికి ‘అంకవన్నె’ అనే అచ్చ తెలుగు మాట ఉంది. వాడుకలో మాత్రం అరబ్బీ, పారశీకాల నుంచి వచ్చిన ‘రికాబు’ నిలిచింది. జీను, సవారీ కూడా ఆ దారిన వచ్చిన మాటలే. మాటలతో పాటు గుర్రాలూ బయటి నుంచే దిగాయి. దక్షిణాది తేమకు, మేతకు మేలుజాతి గుర్రం బాగా పెరగదు. అందుకే విజయనగర రాజులు అరబ్బులకు, తర్వాత పోర్చుగీసులకు సొమ్ము ధారపోసి ఓడల్లో గుర్రాలు తెప్పించుకున్నారు. సాళువ నరసింహరాయలు దారిలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపినా పూర్తి ధర ఇచ్చేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. పాత తెలుగు లెక్కలో విజయనగరాధీశుడు నరపతి, సుల్తానులు అశ్వపతులు, ఒడ్డె రాజులు గజపతులు. పలాస, మందస, టెక్కలి సీమ గజపతుల ఏలుబడిలోది.

రికాబు రౌతుకు బలాన్ని ఇచ్చింది. దాని మీద లేచి నిలబడి బాణం వేయవచ్చు, కత్తి దూయవచ్చు, రోజంతా తొడలు పీకకుండా ప్రయాణించవచ్చు. దాంతో పాటు ఒక ఉచ్చునూ తెచ్చింది.

ఆ ఉచ్చు ఎలా పని చేస్తుందో చూద్దాం. స్వారీలో పాదం ముందు భాగం, అంటే వేళ్ల వెనక ఉండే వెడల్పాటి ఎముకల గుత్తి, రికాబు మీద ఆనాలి. మడమ కాస్త కిందికి దిగాలి. గుర్రం ఒక్కసారి బెదిరితే రౌతు ముందుకు తూలతాడు, పాదం లోపలికి జారుతుంది. అడ్డేమీ లేకపోతే చీలమండ దాకా దూరిపోతుంది. అప్పుడు మనిషి పడితే పాదం మెలిపడి రికాబులోనే ఇరుక్కుంటుంది. పక్కన ఏదో బరువు వేలాడుతోందని గుర్రం మరింత బెదిరి పరుగు లంకించుకుంటుంది. నాలుగైదు వందల కిలోల జంతువు అది. గుర్రం మీద నుంచి పడితే చెయ్యి విరగవచ్చు. కాలు ఇరుక్కుని ఈడ్చుకుపోతే తల నేలకు, రాళ్లకు కొట్టుకుంటుంది. అప్పుడు ప్రాణాపాయం మరింత ఎక్కువ.

దీనికి విరుగుడు అంగుళం ఎత్తు చెక్క. పశ్చిమాసియా రౌతులు, ముఖ్యంగా ఇరాన్ వాళ్లు, బూటు వెనక మడమ కట్టారు. పాదం ముందుకు జారగానే ఆ మడమ రికాబు అంచుకు తగిలి ఆగిపోతుంది. ఇంతకు మించి అందులో యంత్రమేమీ లేదు. 1599లో ఇరాన్ రాజు షా అబ్బాస్ ఐరోపా రాజుల దగ్గరికి రాయబారులను పంపాడు. ఆ కాలంలోనే ఇరాన్ మడమ అక్కడి దర్బారుల కంట పడి మగవాళ్ల దర్జాకు గుర్తయింది. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ ఎర్ర రంగు మడమలు తొడిగి తన కొలువులోని వాళ్లకే వాటిని పరిమితం చేశాడు. తర్వాత మగవాళ్లు వదిలేశారు, ఆడవాళ్లు ఉంచుకున్నారు. పలాస పెళ్లిళ్లలో టకటకలాడే హైహీల్స్‌కు మూలపురుషుడు మీసాలున్న ఒక గుర్రపు రౌతు!

ఉద్దానంలో ఇప్పుడు గుర్రం ఎక్కేది ఎవరు? పెళ్లి ఊరేగింపులో వరుడు కొంచెంసేపు ఎక్కుతాడు. సెలవులకు విశాఖ వెళ్తే ఆర్.కె. బీచ్‌లో పిల్లలు ఎక్కుతారు. పాడేరు వైపు కొండల్లో రోడ్డు లేని ఊళ్లకు ఇప్పటికీ గుర్రాల మీదే బియ్యం, సరుకులు చేరతాయి. అక్కడ బస్తాలే రౌతులు. మరో రకం కూడా ఉన్నారు. తెల్లవారకముందే టెక్కలి, పలాస రోడ్ల మీద, బారువ తీరంలో సైన్యం, పోలీసు ఉద్యోగాల కోసం పరుగులు తీసే కుర్రాళ్లు. హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణకు వెళ్తే గుర్రపుస్వారీ తప్పనిసరి పాఠం. తిరుపతిలో పశువైద్యం చదివితే అక్కడి ఎన్‌సీసీ రీమౌంట్ అండ్ వెటర్నరీ విభాగంలో గుర్రమెక్కే అవకాశం ఉంటుంది. ఆ మొదటి రోజున వీళ్ల కాళ్లకు ఏముండాలి?

ఇంట్లో ఉన్న జోళ్లన్నీ వరసగా పెట్టుకుని చూస్తే సంగతి తేలుతుంది. హవాయి చెప్పు ఇసుకలో నడవడానికి పుట్టింది. రికాబులో అది పాదం నుంచి ఊడి అడ్డం పడుతుంది. శాండల్ పట్టీ ఇనుముకు తగులుకుంటుంది. పరుగుకు కొన్న స్పోర్ట్స్ షూ చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ దానికి విడిగా మడమ లేదు, అడుగు మెత్తగా, వెడల్పుగా ఉండి రికాబులో బిగుసుకుంటుంది. పొలంలో వేసుకునే రబ్బరు గమ్ బూటు మరీ ప్రమాదం: లావుపాటి ముక్కు, అడుగున లోతైన గాళ్లు. బురదలో పట్టు కోసం చేసిన ఆ గాళ్లే రికాబు ఇనుమును కరిచిపట్టి పాదాన్ని రానివ్వవు. ఇనుప మేకులు కొట్టిన డ్రిల్ బూటుది ఎదురు రోగం. ఇనుము మీద ఇనుము జారుతుంది.

చివరికి ఆఫీసుకో, బడికో వేసుకునే మామూలు నల్ల తోలు బూటు వంతు వస్తుంది. చీలమండ దాటి పైకి వచ్చే రకమైతే, మడమ అంగుళం దాకా ఉంటే, అడుగు దాదాపు నున్నగా ఉంటే, ముక్కు సన్నగా ఉంటే మొదటి పాఠాలకు అదే చాలు. చీలమండ ఎందుకు కప్పాలంటే, రికాబును వేలాడదీసే తోలుపట్టీ, ఇనుప అంచు అక్కడే రాసుకుని చర్మం లేచిపోతుంది. తోలు ఎందుకంటే, కింద నిలబడి ఉన్నప్పుడు గుర్రం గిట్ట మన పాదం మీద పడే రోజు ఒకటి రాకమానదు. లేసులు ఉంటే కొసలు లోపలికి దోపుకోవాలి. వదులు ముడి కూడా ఇనుముకు చిక్కుకుంటుంది.

మోకాలి దాకా వచ్చే పొడవు బూట్లు పోటీలకు, కవాతులకు. నేర్చుకునేవాళ్లకు వాటి ఖర్చు అనవసరం. 1920ల ప్రాంతంలో మన జోధ్‌పూర్ పోలో మైదానాల పేరుతో ప్రచారంలోకి వచ్చిన పొట్టి బూటు చాలు. చీలమండ చుట్టూ పట్టీ తిప్పి పక్కన బకిల్ పెట్టే రకం అది. దాని మీద మోకాలు నుంచి చీలమండ దాకా తొడిగే తోలు తొడుగును హాఫ్ చాప్స్ అంటారు. ఈ రెండూ కలిపితే పొడవు బూటు పని చాలా తక్కువ ఖర్చులో అవుతుంది. ఇలాంటివి దూరదేశం నుంచి రానక్కర్లేదు. 19వ శతాబ్దంలో ఆంగ్లేయ సైన్యానికి జీనులు, బూట్లు కుట్టిన కాన్పూరు ఈరోజుకీ ప్రపంచానికి స్వారీ సామాను ఎగుమతి చేస్తోంది.

బూటు కుదిరాక రికాబుతో సరిచూసుకోవాలి. బూటు వెడల్పైన చోట కొలిస్తే వచ్చే అంకె కన్నా రికాబు లోపలి వెడల్పు అంగుళం ఎక్కువ ఉండాలి, అంటే రెండు పక్కలా అరంగుళం చొప్పున. అంతకు తగ్గితే పాదం ఇరుక్కుంటుంది. బాగా పెరిగితే మొత్తం పాదమే దూరిపోతుంది. పెద్దవాళ్ల రికాబులో పిల్లల కాలు పెట్టించడం అందుకే తప్పు. పిల్లల కోసం ఒక పక్క ఇనుముకు బదులు రబ్బరు రింగు ఉన్న రికాబులు దొరుకుతాయి. పడినప్పుడు ఆ రింగు ఊడి పాదం బయటికి వచ్చేస్తుంది. పాదం దూరకుండా ముందు భాగం మూసిన రకాలూ ఉన్నాయి. జీనుకు రికాబు పట్టీని తగిలించే కడ్డీ చివర చిన్న మలుపు ఉంటుంది. దాన్ని తెరిచి ఉంచితే లాగుడుకు పట్టీతో సహా ఊడొస్తుంది. గుర్రం యజమానిని అది తెరిచి ఉందా అని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

కాశీబుగ్గ బజారులో చెప్పుల కొట్టుకు వెళ్లేటప్పుడు జేబులో పిల్లల స్కేలు ఒకటి పెట్టుకోండి. బూటును బల్ల మీద నిలబెట్టి మడమ ముందు అంచు ఎత్తు కొలవండి: రెండు, రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి. ఆ అంచు ఏటవాలుగా కాకుండా నిటారుగా ఉందా చూడండి. తర్వాత బూటు తిరగేసి అడుగు మీద వేలుగోరు పెట్టి లాగండి. గోరు గాళ్లలో దిగబడి ఆగిపోతే ఆ జత పక్కన పెట్టండి. మిగిలిన డబ్బు హెల్మెట్‌కు వాడండి. బీచ్‌లో పిల్లవాడు హవాయి చెప్పులతో గుర్రం ఎక్కుతానని మారాం చేస్తే ఎక్కించకండి. ఎక్కించక తప్పకపోతే చెప్పులు విప్పించి, కాళ్లు రికాబుల్లో పెట్టనివ్వకుండా, మీరు పక్కనే పిల్లవాణ్ణి పట్టుకుని నడవండి. కళ్లెం గుర్రం మనిషి చేతిలోనే ఉండాలి.