హైదరాబాద్‌కి ఫ్రెండ్ వస్తే ఏం తినిపించాలి?

హైదరాబాద్‌లో చదివే వాళ్ళందరికీ ఏడాదికి నాలుగైదు సార్లు ఒక మెసేజ్ తప్పకుండా వస్తుంది. "బ్రో, వీకెండ్‌కి వస్తున్నాం, బెస్ట్ బిర్యానీ ఎక్కడ?" ఫెస్ట్‌కి వచ్చే వేరే కాలేజీ టీమ్ కావచ్చు, ఇంటర్వ్యూకి వచ్చే స్కూల్ ఫ్రెండ్ కావచ్చు, ఎగ్జామ్ రాయడానికి వచ్చే కజిన్ కావచ్చు. మనం కూడా రెండు సెకన్లలో ఒక హోటల్ పేరు టైప్ చేసి పంపేస్తాం.

కానీ వాళ్ళ చేతిలో ఉండేది రెండు మూడు పూటలే. అందులో ఒక పూట ట్రాఫిక్‌లో, ఇంకో పూట క్యూలో పోతే మన ఊరి రుచి ఏంటో తెలియకుండానే రైలెక్కేస్తారు. ఈ ఊళ్ళో తిండి సంగతి చెప్పాలంటే హోటల్ పేరొక్కటే సరిపోదు. ఏ టైమ్‌కి వెళ్తున్నారు, ఏ ఏరియాలో ఉన్నారు, ఎవరు తింటున్నారు, ఈ మూడూ తెలియాలి.

ముందు టైమ్ చూడండి

హైదరాబాద్‌లో చాలా వంటలకి ఒక టైమ్ ఉంటుంది. తెల్లవారుజామున నహారీ. 'నహార్' అంటే అరబీలో పగలు. రాత్రంతా సన్నని మంట మీద ఉడికిన మాంసం పులుసుని పొద్దున్నే కుల్చాతోనో, నాలుగు మూలలుండే నాన్‌తోనో తింటారు. పది దాటాక వెళ్ళి నహారీ అడిగితే చాలా చోట్ల అయిపోయిందనే అంటారు.

తెల్లవారుజామునే దొరికే ఇంకోటి బండి దోశ. నాంపల్లి, మొజంజాహీ మార్కెట్ వైపు 'రామ్ కీ బండి'కి పేరు వచ్చిందే ఊరు లేవకముందు వేసే దోశలతో. పెనం మీదే దోశ మధ్యలో ఉప్మా, చట్నీ, మసాలా పొడి వేసి, పైన వెన్న కరిగిస్తారు. చార్మినార్ దగ్గర 'గోవింద్ బండి' కూడా ఇలాంటిదే, కానీ అది పొద్దుటి టిఫిన్ టైమ్‌ది.

ఇరానీ చాయ్‌కి మాత్రం టైమ్ లేదు. మన ఇంట్లో చాయ్‌లా అన్నీ ఒకే గిన్నెలో వేసి మరిగించరు. డికాషన్ ఒకవైపు, చిక్కగా కాగే పాలు ఇంకోవైపు ఉంటాయి. కప్పులోకి వచ్చాకే రెండూ కలుస్తాయి. తోడుగా ఉస్మానియా బిస్కెట్, తీపి ఉప్పు రెండూ తగిలేది. దానికి ఆ పేరు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మీదుగా వచ్చింది. చార్మినార్ పక్కనే ఉన్న నిమ్రా కేఫ్‌లో ఇవి రెండూ తీసుకుని నిలబడి తాగడమే ఒక టూరిస్ట్ స్పాట్ చూసినట్టు.

హలీమ్‌కి టైమ్ మాత్రమే కాదు, సీజన్ కూడా ఉంది. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి వేసి, భట్టీ మీద గంటల తరబడి ఉడికిస్తూ కర్రలతో దంచుతారు. 2010లో హైదరాబాదీ హలీమ్‌కి జీఐ గుర్తింపు వచ్చింది. రంజాన్ నెలలో సాయంత్రాలు ఊరంతా దొరుకుతుంది. చాంద్రమాన క్యాలెండర్ కాబట్టి రంజాన్ ప్రతి ఏడాదీ పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పోయినేడాది డేట్ చూసి టికెట్ బుక్ చేసుకోవద్దని ఫ్రెండ్‌కి చెప్పండి.

బిర్యానీ ఎలా వండుతారో తెలిస్తే సగం పని అయినట్టే

మన బిర్యానీ కచ్చీ బిర్యానీ. అంటే పెరుగు, మసాలాల్లో నానబెట్టిన మాంసం పచ్చిగానే హండీ అడుగున పెడతారు. పైన సగం ఉడికిన బియ్యం, వేయించిన ఉల్లిపాయలు, కుంకుమపువ్వు. మూత చుట్టూ పిండి ముద్దతో మూసేసి, దమ్ మీద పెడతారు. మాంసం, అన్నం రెండూ ఒకేసారి ఉడకాలి, అదే కష్టం.

దీని వల్ల మూడు విషయాలు అర్థమవుతాయి. ఒకటి, బిర్యానీ హండీ లెక్కన తయారవుతుంది కాబట్టి మూత అప్పుడే తీసిన హండీ దొరికితే అదృష్టం. మధ్యాహ్నం 12.30 నుంచి ఒంటి గంట మధ్య వెళ్తే ఆ ఛాన్స్ ఎక్కువ. సాయంత్రం నాలుగింటికి వెళ్ళి "అంత లేదు" అంటే తప్పు హోటల్‌ది కాదు, టైమ్‌ది. రెండు, మసాలా అంతా అడుగునే ఉంటుంది. ప్లేట్‌లో పైన తెల్ల అన్నం కనిపిస్తే కంగారు పడకుండా కింద నుంచి కలుపుకోవాలి. మూడు, పెద్ద హోటళ్ళలో ఒక 'సింగిల్' చాలాసార్లు ఇద్దరికి సరిపోతుంది. ముగ్గురొస్తే మూడు ఆర్డర్ చేయొద్దు, రెండు చెప్పి చూడండి.

ఇంకో సంగతి, ఫ్రెండ్ ఏ ఊరి నుంచి వస్తున్నాడో గుర్తుపెట్టుకోండి. కోల్‌కతా వాళ్ళు ఇందులో ఆలూ ఏదీ అంటారు. విజయవాడ, గుంటూరు వాళ్ళు ఫ్రై పీస్ బిర్యానీకి అలవాటుపడి ఉంటారు, ఇక్కడి ముక్క వాళ్ళకి చప్పగా అనిపించొచ్చు. ముందే ఒక మాట చెప్తే ఏది బెటర్ అన్న గొడవ ఉండదు.

తర్వాత ఏరియా

హైటెక్ సిటీలో దిగిన వాడిని చార్మినార్ పంపడం అంటే రానూపోనూ సగం రోజు పోయినట్టే. అందుకే మెట్రో మ్యాప్ ప్రకారం చెప్పడం బెటర్.

సికింద్రాబాద్‌లో దిగితే పారడైజ్ దగ్గర. 1953లో ఒక సినిమా హాలు పక్కన చిన్న కేఫ్‌గా మొదలైంది. ఇప్పుడు ఆ సెంటర్‌కీ, మెట్రో స్టేషన్‌కీ అదే పేరు. గ్రీన్ లైన్‌లో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ స్టేషన్ దిగితే బావర్చీ. బావర్చీ అంటే వంటవాడు అని అర్థం, కాబట్టి ఆ మాట ఊళ్ళో ఎన్నో బోర్డుల మీద కనిపిస్తుంది. జనం మాట్లాడుకునేది క్రాస్ రోడ్స్‌లో ఉన్నదాని గురించే. బషీర్‌బాగ్ వైపు ఉంటే కేఫ్ బహార్. పాతబస్తీ వెళ్తుంటే మదీనా దగ్గర షాదాబ్. ఈ నాలుగింటిలో ఏది గొప్ప అని హాస్టల్‌లో రాత్రంతా వాదించొచ్చు. ఒక్క పూట ఉన్నవాడికి మాత్రం దగ్గర ఉన్నదే బెస్ట్.

అన్నిటికంటే ముఖ్యం, తినే మనిషి

పాతబస్తీలో కొన్ని బోర్డుల మీద 'కళ్యాణి బిర్యానీ' అని ఉంటుంది. బయటి నుంచి వచ్చిన వాళ్ళు అది ఓనర్ కూతురి పేరేమో అనుకుంటారు. అది బీఫ్ బిర్యానీ. కళ్యాణి నవాబుల పేరుతో వచ్చింది, ఎంతోమంది ఇష్టంగా తినే పాత వంట. కానీ బీఫ్ తినని వాడు తెలియక ఆర్డర్ చేస్తే తర్వాత చాలా బాధపడతాడు. ఇష్టంగా తినే వాడికి చెప్పకపోతే అతను ఒక మంచి రుచి మిస్ అవుతాడు. ఇద్దరికీ ముందే చెప్పడం మన బాధ్యత. నహారీ, కబాబ్ దగ్గర కూడా "ఛోటే కా? బడే కా?" అని అడగమనండి. ఛోటే అంటే మేక, బడే అంటే బీఫ్. వాళ్ళేమీ అనుకోరు, రోజూ వినే ప్రశ్నే.

వెజిటేరియన్ ఫ్రెండ్‌ని బిర్యానీ హోటల్‌కి తీసుకెళ్ళి మూలన కూర్చోబెట్టి వెజ్ బిర్యానీ పెట్టించొద్దు. వాళ్ళకి ఈ ఊళ్ళో చాలా ఉంది. బండి దోశలు, ఆబిడ్స్ తాజ్ మహల్ హోటల్‌లో టిఫిన్, కోఠి గోకుల్ చాట్, ఉల్లిపాయ సమోసా, ఖుబానీ కా మీఠా. సాయంత్రం కాలనీ రోడ్ల పక్కన పొయ్యి పెట్టి అప్పటికప్పుడు చేతితో తట్టి కాల్చే జొన్న రొట్టెలు కూడా ఉన్నాయి. వేరే రాష్ట్రం వాళ్ళకి ఇదంతా తెలియదు, హైదరాబాద్ అంటే బిర్యానీ ఒక్కటే అనుకుంటారు. రాగి సంకటి, నాటుకోడి పులుసు తిననివాళ్ళుంటే రాయలసీమ రుచులుకి తీసుకెళ్ళండి. ఊరు మారకుండానే ఇంకో ఊరి భోజనం.

ఒక్క రోజే ఉంటే

రెడ్ లైన్ ఒక్కటి చాలు. పొద్దున్నే నాంపల్లి దగ్గర బండి దోశ. మెట్రోలో ఎంజీబీఎస్ వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోలో చార్మినార్. చూడటం అయ్యాక చాయ్, ఉస్మానియా బిస్కెట్. 12.30కల్లా వెనక్కి నడుచుకుంటూ మదీనా వైపు వచ్చి బిర్యానీ. మధ్యాహ్నం గాంధీ భవన్ స్టేషన్‌లో దిగి మొజంజాహీ మార్కెట్‌లో ఫేమస్ ఐస్‌క్రీమ్, సీజన్ అయితే సీతాఫలం ఫ్లేవర్. దేశ విభజన తర్వాత సింధ్ నుంచి వచ్చిన కుటుంబం 1953లో పెట్టిన కరాచీ బేకరీ అక్కడే ఉంది, ఇంటికి ఫ్రూట్ బిస్కెట్లు కొనుక్కోవచ్చు. నాంపల్లిలో రైలెక్కేవాళ్ళకి స్టేషన్ కూడా దగ్గరే.

ఇంత చెప్పాక కూడా చాయ్‌కీ ఐస్‌క్రీమ్‌కీ మధ్య కొంచెం ఖాళీ ఉంచమనండి. దారిలో ఏదో ఒక భట్టీ వాసన వాళ్ళని ఎలాగూ ఆపుతుంది.